ఊదే పరీక్షలో అంకె పెరగడానికేనా ఈ ఆపరేషన్?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది తణుకు దగ్గర పల్లెటూరు. మా అమ్మాయికి పదహారు నిండాయి. విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో ఏడు చదువుతోంది. పెద్దమనిషయిన ఏడాదిలోనే ఛాతీ బాగా పెరిగిపోయింది. మా ఇంట్లో ఆడవాళ్లందరం కాస్త పుష్టిగానే ఉంటాం కదా అని నేను పట్టించుకోలేదు. ఇప్పుడు మెడనొప్పి, భుజాల నొప్పి. ఎండాకాలమంతా రొమ్ముల కింద ఒరుసుకుపోయి పుండ్లు. హాస్టల్ మూడో అంతస్తు ఎక్కేసరికి ఆయాసం. ఆస్తమా అనుకుని ఛాతీ డాక్టరుకి చూపిస్తే గొట్టంలోకి ఊదించి పరీక్ష చేశారు. ఎఫ్‌వీసీ (ఊదిన మొత్తం గాలి) 2.21 లీటర్లు, అంటే ఉండాల్సినదాంట్లో 76 శాతం. ఎఫ్‌ఈవీ1 (మొదటి సెకనులో వచ్చిన గాలి) 1.95 లీటర్లు, 77 శాతం. రెండింటి నిష్పత్తి 88. రెండు నెలలు ఇన్‌హేలర్ వాడినా తేడా లేదు. ఛాతీ బరువు వల్ల కావచ్చు, ప్లాస్టిక్ సర్జన్‌ని కలవమన్నారు. ఆ సర్జన్ గారు రొమ్ము సైజు తగ్గించే ఆపరేషన్ చేస్తే ఊపిరి బాగుపడుతుందన్నారు. మా వారేమో ‘ఊపిరితిత్తులకి మంచిదంటే చేయిద్దాం, లేకపోతే ఈ వయసులో కోతలెందుకు’ అంటున్నారు. పెళ్లయ్యాక పిల్లలకి పాలుండవని మా అత్తగారి భయం. పిల్ల ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 66 కిలోలు. ఆపరేషన్ చేస్తే ఊపిరితిత్తులు నిజంగా బాగుపడతాయా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి మీ వారి మాట దగ్గర ఆగిపోయాను. ‘ఊపిరితిత్తులకి మంచిదంటే చేయిద్దాం.’ ఈ మాట నేను చాలామంది తండ్రుల నోట విన్నాను. వాళ్లను తప్పుపట్టను. ‘మా పిల్లకి ఊపిరితిత్తుల ఇబ్బంది ఉంది, ఆపరేషన్ చేయించాం’ అంటే చుట్టాల్లో ఎవరూ మారు మాట్లాడరు. రొమ్ముల ఆపరేషన్ అని మాత్రం పక్కింట్లో కూడా చెప్పలేం. అందుకని భుజాల నొప్పి, పుండ్లు, సిగ్గు అన్నీ పక్కకి పోయి, ఆయాసం ఒక్కటే ముందుకొచ్చి నిలబడుతుంది.

ఈ పొరపాటులో నా వంతు కూడా ఉంది. ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తల్లో ఒక ఆర్టీసీ కండక్టరు గారు కూతుర్ని తీసుకొచ్చారు. పదిహేడేళ్ల పిల్ల. కాలేజీ ఫైలుని రెండు చేతులతో ఛాతీకి అదుముకుని కూర్చునేది. కుర్చీలో కూర్చున్నా, మాట్లాడుతున్నా, ఆ ఫైలు దిగేది కాదు. ఎఫ్‌వీసీ 79 వచ్చింది. తండ్రి తటపటాయిస్తుంటే, ఒప్పించే తొందరలో, ‘బరువు దిగితే ఊపిరి దానంతటదే పెరుగుతుందండీ’ అనేశాను. కుడివైపు 820 గ్రాములు, ఎడమవైపు 760 గ్రాములు తీశాం. ఆరు నెలల తర్వాత మళ్లీ ఊదిస్తే 81. ఆయన రిపోర్టు మడిచి జేబులో పెట్టుకుంటూ ‘రెండు పాయింట్లకా డాక్టరు గారూ ఇదంతా?’ అన్నారు. నాకు నోట మాట రాలేదు. ఒకే మనిషి వారం తేడాతో ఊదినా నాలుగైదు శాతం అటూ ఇటూ అవడం మామూలే కాబట్టి, ఆ రెండు పాయింట్లు కూడా నిజంగా పెరిగినట్టు కాదు. వాళ్లు వెళ్లిపోయాక మా సిస్టరు అంది: ‘మేడమ్, చూశారా, ఇవాళ ఫైలు వాళ్ల నాన్న చేతిలో ఉంది.’ నేను చూడలేదు. నేను కూడా రిపోర్టే చూస్తూ కూర్చున్నాను.

ఇక మీ అమ్మాయి రిపోర్టు సంగతి. గుండెల నిండా గాలి పీల్చి, ఇక లేదు అనేదాకా బలంగా ఊదితే బయటికొచ్చిన మొత్తం గాలి ఎఫ్‌వీసీ. అందులో మొదటి సెకనులో వచ్చింది ఎఫ్‌ఈవీ1. ఆస్తమాలో గొట్టాలు బిగుసుకుంటాయి గనక గాలి మెల్లగా వస్తుంది, రెండింటి నిష్పత్తి పడిపోతుంది. మీ అమ్మాయిది 88, నిక్షేపంగా ఉంది. గాలి వేగంగానే వస్తోంది, మొత్తమే కాస్త తక్కువ. దాడి లేని రోజున ఆస్తమా ఉన్నవాళ్ల పరీక్ష కూడా మామూలుగా రావచ్చుగానీ, ఇన్‌హేలర్‌కి ఏమాత్రం లొంగలేదు కాబట్టి మీ డాక్టరు ఆలోచన సరైన దారిలోనే ఉంది.

కానీ ఆ 76ని నేనింకా నమ్మను. ఎందుకో చెబుతాను.

ఆ రోజు మీ అమ్మాయి లోపల ఏం వేసుకుందో అడగండి. నవ్వకండి. ఇలాంటి పిల్లల్లో చాలామంది ఒకదాని మీద ఒకటి రెండు బ్రాలు వేసుకుంటారు, పైన బిగుతు బనీను, దాని మీద పిన్నులు పెట్టిన చున్నీ. అందులోనూ సైజు దొరక్క 34 బ్రాని కొక్కేలు సాగదీసి పెట్టుకుంటారు. పక్కటెముకల చుట్టూ తాడు కట్టి ‘నిండా పీల్చు’ అంటే ఎలా పీలుస్తుంది? ఊదే పరీక్షకి ముందు బిగుతు బట్టలు వదులు చేయించాలన్నది నియమమే. రద్దీ ఓపీలో, మగ టెక్నీషియన్ ముందు, పదహారేళ్ల పిల్ల ఆ మాట ఎత్తదు. ఆయనా అడగడు.

తర్వాత కూర్చున్న తీరు. ఛాతీ దాచుకోవడానికి ఏళ్ల తరబడి గూని పెట్టి కూర్చునే పిల్ల, పరీక్షకి మాత్రం నిటారుగా కూర్చోదు. వంగి ఊదితే గాలి తక్కువే వస్తుంది. ఎత్తు కొలిచేటప్పుడు కూడా వంగే నిలబడుతుంది. ఎత్తు రెండు సెంటీమీటర్లు తేడా వస్తే ‘ఉండాల్సిన’ అంకె మారిపోతుంది. ఆ ‘ఉండాల్సిన’ అంకెని మెషీను ఎక్కడినుంచి తెచ్చిందన్నది ఇంకో ప్రశ్న. అదే ఎత్తు, అదే వయసున్న యూరప్ మనిషితో పోలిస్తే మనవాళ్ల కొలత సగటున పది శాతం పైనే తక్కువ వస్తుంది. మెషీనులో వాళ్ల లెక్క పెట్టి ఉంటే మన ఆరోగ్యవంతురాలైన పిల్ల కూడా 85 దగ్గర తేలుతుంది. రిపోర్టు పైన చిన్న అక్షరాల్లో ఏ లెక్క వాడారో రాసి ఉంటుంది, ఛాతీ డాక్టరుని చూడమనండి.

కాబట్టి మళ్లీ చేయించండి. వదులు బట్టలతో, కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, ముక్కుకి క్లిప్పు పెట్టించి. వీలైతే ఆడ టెక్నీషియన్‌ని అడగండి. కనీసం మూడు సార్లు సరిగ్గా ఊదాలి, వాటిలో మంచివి రెండూ 150 మిల్లీలీటర్ల తేడాలోపు రావాలి. ‘ఊదు, ఊదు, ఇంకా ఊదు’ అని పక్కన నిలబడి అరిచే టెక్నీషియన్ దొరికితే మీ అదృష్టం, ఆ అరుపులో సగం పరీక్ష ఉంది. అప్పటికీ తక్కువే వస్తే ఊపిరితిత్తుల మొత్తం సామర్థ్యం కొలిచే ఇంకో పరీక్ష పెద్ద ఆస్పత్రుల్లో ఉంటుంది. అది చేయకుండా ఊపిరితిత్తులు చిన్నవయ్యాయని ఊదే పరీక్ష ఒక్కదాంతో తేల్చకూడదు. వెన్ను వంకర ఉందేమో నిలబెట్టి ఒక ఎక్స్‌రే కూడా తీయించండి.

హిమోగ్లోబిన్ ఎంతో మీరు రాయలేదు. మెట్లెక్కితే ఆయాసం అని నా దగ్గరికొచ్చిన ఆడపిల్లల్లో సగానికి పైగా ముందు రక్తం తక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. మీ అమ్మాయికి 12 కంటే తక్కువుంటే, ఆ ఆయాసంలో కొంత ఐరన్ మాత్రలతోనే పోతుంది. థైరాయిడ్ కూడా చూపించండి. ఈ రెండూ కలిపి ఒక్క రక్తపు శాంపిలు.

సరే, ఇవన్నీ సరిచూశాక కూడా తక్కువే ఉందనుకుందాం. అసలు రొమ్ముల బరువుకీ ఊపిరికీ లంకె ఎక్కడ? ఊపిరి పీల్చేటప్పుడు పక్కటెముకలు పైకీ బయటికీ లేస్తాయి, కొలిమితిత్తి తెరుచుకున్నట్టు. ఆ తిత్తి మీద రాయి పెడితే తెరవడానికి ఎక్కువ బలం కావాలి. ఆ బలం పెట్టేది పక్కటెముకల మధ్య కండరాలు, అవసరమైతే మెడ కండరాలు. మెడకి అసలే బరువు మోసే పని ఉంది, ఇప్పుడు ఇదొకటి. అయితే ఊపిరి పనిలో పెద్ద వంతు పొట్టకీ ఛాతీకీ మధ్య ఉండే డయాఫ్రమ్ అనే కండరానిది. దాన్ని రొమ్ములు అడ్డుకోవు, పొట్ట కొవ్వు అడ్డుకుంటుంది. అందుకే బరువు 66 అని రాశారు గనక చెబుతున్నాను: నాలుగైదు కిలోలు తగ్గితే ఊపిరికి మేలే. కానీ ‘ముందు బరువు తగ్గు, రొమ్ములు అవే తగ్గుతాయి’ అని పిల్లని వేధించకండి. ఈ వయసులో రొమ్ములో కొవ్వు కంటే గట్టి గ్రంథి కణజాలం ఎక్కువ. తిండి మానేస్తే చెంపలు లోపలికి పోతాయి తప్ప అది కరగదు. పైగా పరిగెత్తితే నొప్పి, పరిగెత్తకపోతే బరువు. ఆ పిల్ల ఇరుక్కున్నది అక్కడ.

పెద్దవాళ్లలో ఆపరేషన్‌కి ముందూ వెనకా ఊదించి చూసిన అధ్యయనాలు చాలా ఉన్నాయి. కొన్నింట్లో ఎఫ్‌వీసీ కొద్దిగా పెరిగింది, ఎక్కువ బరువు తీసినవాళ్లలో కాస్త బాగా. కొన్నింట్లో ఏ మార్పూ లేదు. ఎక్కువగా ఇవి కొద్దిమంది మీద చేసినవి. పెరిగినచోట కూడా, ముందు మామూలుగా ఉన్నది ఇంకాస్త మామూలైంది, అంతే. ఎదిగే వయసు పిల్లల్లో ఈ లెక్క ఇంకా చిక్కు. ఊపిరితిత్తులు వాటంతటవే పెరుగుతుంటాయి, ఆపరేషన్ చేసినా చేయకపోయినా ఏడాదికి లీటర్ల అంకె పెరగొచ్చు. అందుకే లీటర్లు కాదు, వయసుకీ ఎత్తుకీ తగ్గ శాతమే చూడాలి. రెండోసారి ఊదేవాళ్లు మొదటిసారి కంటే బాగా ఊదుతారు, అలవాటు. ఆపరేషన్ అయ్యాక పాత బిగుతు బ్రా కూడా పోతుంది కదా, దాని పుణ్యం కొంత. వీటన్నిటినీ తీసేస్తే కత్తి వల్ల పెరిగింది ఎంత అని నన్నడిగితే, ఎవరికి పెరుగుతుందో ముందే చెప్పి మాటివ్వలేనంత అంటాను.

మరి చేయించొద్దా? చేయించండి. ఊపిరి పేరు చెప్పకుండా చేయించండి.

అమెరికాలో బోస్టన్ పిల్లల ఆస్పత్రి సర్జన్లు ఈ వయసు ఆడపిల్లల్ని ఏళ్ల తరబడి ప్రశ్నపత్రాలతో గమనించారు. నొప్పి, ఆటలు, నలుగురిలో తిరగడం, తన మీద తనకున్న గౌరవం, తిండితో సంబంధం, అన్నిట్లోనూ తోటిపిల్లల కంటే వెనకబడి ఉన్నారు, ఆపరేషన్ తర్వాత బాగా కోలుకున్నారు. నా గదిలో నేను చూసేదీ అదే. భుజం మీద బ్రా పట్టీ దిగబడిన గాడిలో నా చిటికెన వేలు పడుతుంది కొందరికి. ఆ గాడి ఏ ఊదే పరీక్షలోనూ రాదు. ఆయాసం కూడా చిత్రంగా తగ్గుతుంది, అంకె కదలకపోయినా. ఒకటిన్నర కిలోల సంచి మెడలో వేసుకుని మూడంతస్తులు ఎక్కడం ఆగిపోతే ఎవరికైనా తేలికే కదా.

తొందర మాత్రం వద్దు. ఏడాదిగా బ్రా సైజు మారకుండా ఉందా లేదా చూడాలి. ఇంకా పెరుగుతుంటే ఇవాళ తీసింది రెండేళ్లలో మళ్లీ రావచ్చు. పదిహేడు, పద్దెనిమిది మధ్య చాలామందికి కుదురుకుంటుంది, మీకు ఇంటర్ పరీక్షలు కూడా అయిపోతాయి. మైనరు గనక సంతకం మీదే, కానీ గదిలో మీరు లేకుండా ఒక పది నిమిషాలు ఆ పిల్లతో సర్జన్ మాట్లాడాలి. మాట్లాడనంటే ఇంకో సర్జన్‌ని వెతకండి.

పూర్తి మత్తులో మూడు నాలుగు గంటల పని. మిగిలేది చనుమొన చుట్టూ ఒక గీత, అక్కణ్నుంచి కిందికి ఒకటి, రొమ్ము కింద మడతలో ఒకటి. ఆ గీతలు కలిసే చోట కుట్టు ఆలస్యంగా మానడం మామూలుగా కనిపించే ఇబ్బంది. మచ్చ ఏడాది పాటు ఎర్రగా, ఉబ్బుగా ఉంటుంది. ఇంట్లో ఎవరికైనా చెవి కుట్టినచోట గడ్డలా మచ్చ లేచిందా? ఉంటే ముందే చెప్పండి, మన చర్మానికి ఛాతీ మీద అలాంటి మచ్చలు త్వరగా లేస్తాయి. చనుమొన దగ్గర స్పర్శ కొంతమందికి తగ్గుతుంది. తీసిన కణజాలాన్ని పరీక్షకి పంపుతారు, దానికి భయపడొద్దు, అది అలవాటు. ఊదే పరీక్ష మాత్రం వెంటనే వద్దు. మత్తు, నొప్పి, కట్లు ఉన్నన్నాళ్లూ అంకె తగ్గే ఉంటుంది. ఆరు నెలలకి చేయించండి. చేయించకపోయినా నేనేమీ అనుకోను.

మీ అత్తగారి ప్రశ్న అన్నిట్లోకీ సరైన ప్రశ్న. చనుమొనని దాని కింది గ్రంథితో, రక్తనాళాలతో కలిపి అలాగే ఉంచి పైకి జరిపే పద్ధతుల్లో చాలామంది తల్లులు తర్వాత పాలిస్తారు. కొందరికి చాలవు, పైపాలు కలపాల్సి వస్తుంది. మరీ పెద్ద రొమ్ముల్లో చనుమొనని పూర్తిగా విడదీసి అతికించే పద్ధతి ఒకటుంది, దాంట్లో పాలు రావు. మీ సర్జన్ ఏది చేస్తారో ముందే అడిగి, కాగితం మీద రాయించుకుని ఆవిడకి చదివి వినిపించండి.

*

ప్రశ్న: మేడమ్ నమస్తే. మాది కరీంనగర్. మా బిడ్డకు పోయిన నెల 18 నిండినయి. మెడ నొప్పితోటి రెండేండ్లుగ తిప్పలు పడుతుంది. డాక్టర్లు రొమ్ము సైజు తగ్గించే ఆపరేషన్ రాసిండ్రు. ఇన్సూరెన్స్ వాళ్లు అందం కోసం చేసేదానికి ఇయ్యమంటున్నరు. ఊపిరితిత్తుల రిపోర్టు తక్కువ వచ్చినట్టు ఉంటే ఇస్తరని ఏజెంటు చెప్పిండు. అట్ల తీసుకోవచ్చా?
– ఒక తండ్రి

జవాబు: వద్దండీ. తక్కువ రావాలని మెల్లగా ఊదిస్తే, ఆ పరీక్ష చదవడం తెలిసిన ఏ డాక్టరుకైనా గీత చూడగానే దొరికిపోతుంది. పైగా ఆ అబద్ధపు రిపోర్టు రేపు ఆమె ఏ ఉద్యోగానికో మెడికల్‌కి వెళ్తే వెంటబడుతుంది.

మీ పాలసీ పుస్తకంలో మినహాయింపుల పేజీ తీయండి. కాస్మెటిక్ సర్జరీకి డబ్బివ్వమన్న క్లాజు ఉంటుంది, బీమా కంపెనీలని నియంత్రించే ఐఆర్‌డీఏఐ అన్ని కంపెనీలకీ ఒకేలా ఇచ్చినది. దాని చివర, ఆరోగ్యానికి నేరుగా, తక్షణంగా ఉన్న ముప్పు తొలగించే వైద్య అవసరమైతే ఇవ్వొచ్చనీ, ఆ సంగతి చూసే డాక్టరు ధ్రువీకరించాలనీ ఉంటుంది. ఏజెంటు అక్కడిదాకా చదివి ఉండడు. ఆ ‘తక్షణం’ అన్న మాట దగ్గర వాళ్లు పేచీ పెడతారు, తెలిసే వెళ్లండి. రెండేళ్ల మెడనొప్పి చీటీలు, ఫిజియోథెరపీ కాగితాలు, పుండ్లకి వాడిన మందుల బిల్లులు, ఎముకల డాక్టరు రాసింది, అన్నీ తేదీల వారీగా పెట్టి ఆపరేషన్‌కి ముందే అనుమతి అడగండి. కాదంటే కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా రాయండి. 30 రోజుల్లో తేల్చకపోయినా, తేల్చింది మీకు నచ్చకపోయినా హైదరాబాద్‌లో ఇలాంటి ఫిర్యాదులు విచారించే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు, ఖర్చు లేదు, లాయరు అక్కర్లేదు.

*

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 17. కాలేజీ కబడ్డీ టీములో ఉన్నాను. రెండు బ్రాలు, పైన టైట్ బనీను వేసుకుని ఆడతాను. ముందు నా కూత బాగా నిలబడేది, ఇప్పుడు మధ్యలో తెగిపోతోంది. ఊపిరితిత్తులు పాడయ్యాయా? ఆపరేషన్ చేయించుకుంటే మళ్లీ ఆడనిస్తారా? ఇంట్లో ఇంకా చెప్పలేదు.
– పేరు వద్దు, నెల్లూరు

జవాబు: ఏమ్మా, చిన్నప్పుడు మా వీధిలో చెడుగుడు ఆడేటప్పుడు నా కూత పది లెక్కపెట్టేలోపే తెగేది, నన్నెవరూ జట్టులోకి తీసుకునేవాళ్లు కాదు. కాబట్టి నీ మీద నాకు కొంచెం అసూయ ఉంది.

ముందు ఇంట్లో ఒక పని చెయ్యి. గది తలుపేసుకుని, లోపల ఏ బిగుతూ లేకుండా వదులు చొక్కా వేసుకుని, నిటారుగా నిలబడి కూత పెట్టు. ఫోన్లో సెకన్లు చూసుకో. రెండేసి నిమిషాలు ఆగి మూడుసార్లు చేసి, ఎక్కువ వచ్చింది రాసుకో. తర్వాత రెండు బ్రాలూ బనీనూ వేసుకుని మళ్లీ మూడుసార్లు. తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తే, తెగుతున్నది ఊపిరితిత్తులు కాదు, రొమ్ముల కింద రెండు పట్టీలు వేసిన ముడి. రెండూ ఒకేలా తక్కువొస్తే రక్తం చూపించుకుని, ఛాతీ డాక్టరు దగ్గరికెళ్లు.

రెండింటి బదులు ఒకటే మంచి స్పోర్ట్స్ బ్రా కొను. బరువు మోయాల్సింది భుజం పట్టీ కాదు, రొమ్ముల కింద పట్టీ. అది ఛాతీ చుట్టూ నేలకి సమాంతరంగా ఉండాలి, వీపు మీద పైకి ఎగబాకకూడదు. నిండా ఊపిరి పీల్చినా దాని కింద రెండు వేళ్లు దూరాలి. కప్పు పెద్దది కావాలి, చుట్టుకొలత కాదు. మన షాపుల్లో ఆ సైజు అడిగితే ‘ఉండదమ్మా’ అని 40 చేతిలో పెడతారు, తీసుకోకు. గుడ్డతో, క్రేప్ బ్యాండేజీతో చుట్టుకుని మాత్రం ఎప్పుడూ ఆడకు.

ఆపరేషన్ అయితే మర్నాడే నడుస్తావు. బరువులెత్తడం, పరుగు ఆరు వారాలు బంద్. కబడ్డీలో మీద పడతారు గనక మూడు నెలలైనా ఆగమంటాను నేను. ఆడనివ్వకపోవడానికి కారణమేమీ లేదు.

మీ అమ్మకి ఎలా చెప్పాలో తెలియకపోతే ముందు భుజం చూపించు, పట్టీ దిగినచోట. రెండు కూతల లెక్కా నాకు రాయి, ఎన్ని సెకన్లు తేడా వచ్చిందో.